చంద్రవ్వ చెవుల దవాఖాన

మా అత్త చంద్రవ్వ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందుగా ఆమెతో పడ్డ తగాదాలే గుర్తుకొస్తున్నాయి. నేను వండింది ఆమెకు ఏనాడూ నచ్చలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందనేది, లేదంటే వేయడమే మరిచిపోయావనేది. నేను గోడవైపు తిరిగి, గొంతు బయటికి రానీయకుండా పెదాలు మాత్రం కదిలించి ఆమెను తిట్టుకునేదాన్ని. పెళ్లయిన మూడో నెలలో ఒకరోజు, గోడకున్న అద్దంలో నా మొహం చూస్తూ, "గయ్యాళి అన్నవ్, సరే. ముసల్ది అని ఎట్లంటవ్? నాకింక నలభై నిండలే" అంది. మరమగ్గాల కార్ఖానాలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు పెదాలు చూస్తే చాలు, మాట తెలిసిపోతుందని అప్పటికి నాకు తెలియదు. ఆ రోజు నుంచి మనసులోనే తిట్టుకోవడం నేర్చుకున్నాను.

మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒక్క సాంచె నడిస్తేనే పక్క మనిషి మాట వినపడదు. మేము పనిచేసే దశరథం కార్ఖానాలో పన్నెండు సాంచెలు, పైన రేకుల కప్పు. అవి నడుస్తున్నంతసేపు ఎంత అరిచినా దండగే. అందుకని అక్కడ అందరూ చేతులతో, కళ్లతో, పెదాలతో మాట్లాడుకుంటారు. నేసేవాళ్లలో సగం మంది పాటలు పాడుకుంటూ నేస్తారు. ఎవరికీ వినపడదు కాబట్టి ఎవరి గొంతుకూ వంక పెట్టే పని లేదు. మా అత్త, నేను ఒక మూల కూర్చుని కండెలు చుట్టేవాళ్లం. కండె అంటే నాడెలో, అంటే సాంచెలో అటూ ఇటూ పరిగెత్తే కొయ్యలో, పెట్టే దారపు చుట్ట. అది అయిపోతే సాంచె ఆగిపోతుంది. అందుకే దశరథం ఎంత ఆసామి అయినా మా అత్తను 'అక్కా' అని తప్ప పిలిచేవాడు కాదు.

మా ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉండేవాడు. మా అత్త తమ్ముడు మొండయ్య. అరవై తొమ్మిదిలో అతను కరీంనగర్‌లో చదువుకుంటున్నాడు. ఆ ఏడు తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడితే ఇంటికొచ్చి మూలన కూర్చున్నాడు. చదువు ఆగిపోయిన దిగులని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. కాలేజీ తెరిస్తే అతనే లేచిపోతాడన్నారు. కాలేజీ తెరిచారు, అతను లేవలేదు. నిద్ర పోడు, ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నారంటాడు. ఆ తర్వాత మొక్కని దేవుడు లేడు, కట్టని తాయెత్తు లేదు. ఐదో ఏడు ఎవరో చెబితే హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు అంతా విని, "మొదటి ఏడే ఎందుకు తీసుకురాలేదమ్మా" అని మా అత్తను అడిగాడట. మొండయ్య అరుపులు తగ్గాయి, కానీ పాత మొండయ్య తిరిగి రాలేదు. అన్నం పెడితే తింటాడు, పిలిస్తే పలుకుతాడు, లేదంటే అరుగు మీద ఊరికే కూర్చుంటాడు. ఆ డాక్టరు అడిగిన మాట మాత్రం మా అత్త మెదడులో అట్లాగే దిగబడిపోయింది. ఆమె నాతో తగాదా పడని ఒకే ఒక సమయం మొండయ్యకు అన్నం పెట్టే సమయం.

ఎనభై అయిదు ఎండాకాలంలో దశరథం కొడుకు రాయమల్లుకు పంతొమ్మిదేళ్లు. సంవత్సరం కిందనే సాంచె పట్టాడు. మంచి పనివాడు, నవ్వులాటల మనిషి. శివరాత్రి దాటినప్పటి నుంచి ఎవరైనా పిలిస్తే పలకడం మానేశాడు. మూడుసార్లు పిలిస్తే ఉలిక్కిపడి చూసేవాడు. వాళ్లమ్మ ఐలవ్వ కంగారు పడింది గానీ, దశరథం పెద్దగా ఫికర్ పడలేదు. సాంచెలవాళ్లకు చెవులు పోవడం మా దగ్గర కొత్త సంగతి కాదు. యాభై దాటిన ఏ నేతగాడినైనా గట్టిగా అరిస్తే తప్ప పలకరించలేం. వీడికి కాస్త తొందరగా వచ్చిందనుకున్నారు. ఐలవ్వ రోజూ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది, దూది పెట్టింది. కరీంనగర్‌లో చెవుల డాక్టరు చూసి చెవులు బంగారంలా ఉన్నాయన్నాడు. ఆ డాక్టరుకే ఏమీ తెలియదని దశరథం ఇంకో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కూడా అదే మాటన్నాడు. అట్లా రెండున్నర నెలలు చెవుల చుట్టూనే తిరిగారు.

మా అత్త చెవులు చూడలేదు, పెదాలు చూసింది. రాయమల్లు సాంచె మాకు ఎదురుగా ఉండేది. అతని పెదాలు ఆగకుండా కదిలేవి. అందరూ పాట అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు మా అత్త నా మోచేతిని పొడిచి, అది పాట కాదని పెదాలతో చెప్పింది. పాట అయితే ఒక వరుసలో పోతుందట. వీడు ఒక మాట అని ఆగుతున్నాడు, ఎవరో చెప్పేది వింటున్నట్టు తల వంచుతున్నాడు, మళ్లీ జవాబిస్తున్నాడు. ఆ ఎదురు మనిషి ఉండాల్సిన చోట గోడ తప్ప ఏమీ లేదు. అది చెబుతున్నప్పుడు మా అత్త మొహం చూసి నాకు భయమేసింది. ఆమె ఆ క్షణంలో చూస్తున్నది రాయమల్లును కాదు, పద్దెనిమిదేళ్ల మొండయ్యను.

ఆ సాయంత్రమే దశరథం ఇంటికి పోయి, ఇది చెవుల జబ్బు కాదు, కరీంనగర్‌లో మనసు డాక్టరుకు చూపించమని చెప్పింది. చెప్పడంలో మా అత్తకు మెత్తదనం తక్కువ. వినడంలో దశరథానికి ఇంకా తక్కువ. నా కొడుకును మొండయ్యతో పోలుస్తావా అని అతను మండిపడ్డాడు. ఐలవ్వ ఏడ్చింది. అసలు సంగతి ఏమిటంటే, రాయమల్లును వచ్చే సోమవారమే బొంబాయి దగ్గరి భీమండికి పంపాలని వాళ్లు నిర్ణయించేసుకున్నారు. అక్కడ మేనమామ ఉన్నాడు, చోటు మారితే మనిషి మారతాడని వాళ్ల ఆశ. మా అత్త ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. భీమండిలో గదికి పదిమంది ఉంటారు, వాళ్లలో ఎవరి పెదాలు ఎవరు చూస్తారని నన్నే అడిగింది, పంపేది నేనైనట్టు. సోమవారానికి ఆరు రోజులుంది. ఆ పిల్లవాడు బస్సెక్కితే మళ్లీ దొరకడని, దొరికేసరికి ఇంకో మొండయ్య అవుతాడని ఆమె భయం.

శుక్రవారం మధ్యాహ్నం మిగతా నేతగాళ్లు అన్నానికి పోయారు. ఆ గంటసేపు దశరథం, రాయమల్లు ఇద్దరే సాంచెలు చూసుకునేవారు. మా అత్త అప్పటిదాకా చుట్టిన కండెలన్నీ కొంగులో పోసుకుని, ఒళ్లో మూటలా పెట్టుకుని, చేతులు కట్టుకు కూర్చుంది. నన్నూ చెయ్యి ఆపమంది. దశరథం వచ్చి కండెలు అని వేళ్లు చూపించాడు. ఆమె కదల్లేదు. పెదాలతో ఏదో అన్నాడు, అది నేను రాయను. ఒక్కొక్క కండె అయిపోతున్నకొద్దీ ఒక్కొక్క సాంచె ఆగింది. చివరికి రాయమల్లు ముందున్న సాంచె కూడా ఆగింది. పనివేళలో అంత నిశ్శబ్దాన్ని ఆ రేకుల కింద నేనెన్నడూ వినలేదు. కరెంటు పోయినా అందరం వెంటనే చాయకు బయటపడేవాళ్లం కదా.

రాయమల్లుకు మాత్రం సాంచె ఆగినట్టు తెలియలేదు. సాంచెల మోతలో మాట్లాడేంత గట్టిగా, గోడవైపు చూసి మాట్లాడుతూనే ఉన్నాడు.

"నన్నేమన్న అను. పడుత. మా బాపునేమనకు. ఆయనకేం తెల్వది."

ఆగాడు, విన్నాడు, మళ్లీ అదే మాట అన్నాడు. బాపునేమనకు అని. దశరథం చేతిలోని నాడెను మెల్లగా బల్లమీద పెట్టాడు. కొడుకు దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. వాడు ఉలిక్కిపడి చుట్టూ చూసి, సాంచెలన్నీ ఎందుకాగాయని అడిగాడు. దశరథం మా వైపు తిరిగి, "అక్కా, కరీంనగర్‌కు మొదటి బస్సు ఎన్నిటికి?" అన్నాడు.

"ఆరింటికి. రొట్టెలు నేను కట్టుకొస్త" అంది మా అత్త. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఒళ్లోని కండెలు గంపలో పోసేసి, నేతగాళ్లు వచ్చేలోపు పని మొదలుపెట్టమని నన్ను కసిరింది. అంతా ముందే ఆలోచించిందని నాకు అప్పుడర్థమైంది. ఆ మాటలు తండ్రి వినాలి, ఊరు వినకూడదు. అందుకే అన్నం వేళ చూసుకుంది.

కరీంనగర్‌లో బస్‌స్టాండు వెనక రెండు గదుల ఇంట్లో గోపాల్‌రావు అనే కుర్ర డాక్టరు కొత్తగా మనసు జబ్బులు చూస్తున్నాడు. తీసుకుపోయేవాళ్లలో నన్నూ కలిపారు, ఐలవ్వను ఓదార్చడానికి. బస్సులో ఎవరడిగినా ఐలవ్వ చెవులకని చెబుతూ వచ్చింది. డాక్టరు రాయమల్లుతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడాడు. తర్వాత మమ్మల్ని పిలిచి ఎన్నాళ్లయిందని అడిగితే, మా అత్త శివరాత్రి నుంచి లెక్క అప్పజెప్పింది. నిద్ర ఎప్పుడు పోయింది, సోపతిగాళ్లతో తిరగడం ఎప్పుడు మానేశాడు, అన్నీ. ఆయన కలం పక్కన పెట్టాడు.

"మా దగ్గరికి ఎవరొచ్చినా మూడేండ్లకో నాలుగేండ్లకో వస్తరమ్మా. మీరు మూడు నెలలు నిండకముందే వచ్చిండ్రు. ఈ పిల్లగాడు మళ్లీ మంచిగ పని చేసుకుంటడని నాకు గట్టి నమ్మకముంది."

దశరథం గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇంత తొందరగా ఎట్లా గుర్తుపట్టారని డాక్టరు అడిగితే పెదాల సంగతి చెప్పాం. ఆయన నమ్మలేదు. బయటికి గొంతు రాకుండా ఏదో అన్నాడు. మా అత్త వెంటనే, "తాగుత సారూ, చక్కెర జర తక్కువ" అంది. ఆయన పడీపడీ నవ్వాడు. చాయ తెప్పించాడు. చక్కెర ఎక్కువైందని మా అత్త ఆయనక్కూడా చెప్పింది. నాకు చాలా తృప్తి కలిగింది.

దశరథం ఒక్క మాట మాత్రం తీసుకున్నాడు. ఈ సంగతి కొడుకు పేరుతో ఎక్కడా బయటికి రాకూడదు. మా అత్త ఒప్పుకుంది, నాతోనూ ఒప్పించింది. ఊరికి మాత్రం రాయమల్లుకు చెవుల వైద్యం జరుగుతోంది.

మందులు మొదలైన పదిహేను రోజులకు రాయమల్లుకు నిద్ర పట్టింది. కానీ చేతులు బిగుసుకుపోయి, తెగిన పోగు అతకలేక అవమానపడ్డాడు. మాత్రలు మోరీలో పారేశాడు. మా అత్త ఒక్క మాట అనలేదు, అదే నాకు వింత. తెల్లారి బస్సెక్కించి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. ఆయన ఇంకో చిన్న మాత్ర చేర్చి, చేతులు కుదుటపడేదాకా తేలిక పని చేయించమన్నాడు. అట్లా రాయమల్లు మా మధ్యన కూర్చుని కండెలు చుట్టాడు. ఆడవాళ్ల పనని తోటివాళ్లు ఎగతాళి చేస్తే, మా అత్త వాళ్లకు కండెలు ఆలస్యం చేసేది. రెండు రోజుల్లో ఎగతాళి ఆగిపోయింది. వాడు చుట్టిన కండెలు మాత్రం ఘోరంగా ఉండేవి, అది నిజం. మరుసటిసారి మొండయ్యను కూడా అదే డాక్టరుకు చూపించారు. పదహారేళ్లు గడిచిపోయాయి కాబట్టి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని ఆయన ముందే చెప్పాడు. మందు మార్చాక మొండయ్య తన గడ్డం తాను గీసుకోవడం మొదలుపెట్టాడు, బావి నుంచి రెండు బిందెలు తెచ్చిపెట్టాడు. మా అత్త ఆ బిందెల్లోని నీళ్లు మూడు రోజులు ఎవరినీ ముట్టనివ్వలేదు.

దసరాకల్లా రాయమల్లు సాంచె మీదికి తిరిగొచ్చాడు. ఒకరోజు మళ్లీ వాడి పెదాలు కదలడం చూసి మా అత్త చేతిలోని కండె జారిపోయింది. వాడు తలెత్తి, మమ్మల్ని చూసి, పెదాలతోనే నిదానంగా అన్నాడు: "పాటనే, పెద్దవ్వా. నీ పని నువ్వు చూసుకో." ఆమె కండె విసురుతానన్నట్టు వాడికి చూపించింది. నేను నవ్వి నవ్వి దారం తెంపేశాను.

రాయమల్లు బాగైన సంగతి ఊరంతా చూసింది. అక్కడినుంచి తల్లులు చాటుగా మా ఇంటికి రావడం మొదలైంది. తమ పిల్లలకూ చెవులు బాగాలేవనేవారు. మా అత్త మూడు ప్రశ్నలు అడిగేది: రాత్రి నిద్ర పోతున్నాడా, సోపతిగాళ్లతో కలుస్తున్నాడా, రోజూ స్నానం చేస్తున్నాడా. ఆ మూడో ప్రశ్న లెక్కన మా ఆయన్నే ముందు బస్సెక్కించాలని నేనన్నాను. ఆమె తప్పులూ చేసింది. నిద్ర, తిండి మానేశాడని ఒకడిని కరీంనగర్‌కు లాక్కుపోతే, వాడికి ఉన్నదల్లా ఎదురింటి పిల్ల మీద ప్రేమేనని డాక్టరు పది నిమిషాల్లో తేల్చి పంపాడు. బస్సు చార్జీ దండగని వాళ్లమ్మ నెలరోజులు సాధించింది. పెళ్లి మాత్రం చేసింది.

ఇంతమంది ఇక్కడి నుంచే వస్తుంటే తానే వస్తానని ఎనభై ఆరులో గోపాల్‌రావు డాక్టరు అన్నాడు. ప్రతి నెలా రెండో ఆదివారం. కులసంఘంవాళ్లు ఒక గది ఇచ్చారు గానీ, పిచ్చి అనే మాట గోడమీద రాయొద్దన్నారు. ఏ మాటా రాయలేదు. జనమే దానికి చెవుల దవాఖాన అని పేరు పెట్టుకున్నారు. దాంతో నిజంగా చెవులు వినపడని ముసలి నేతగాళ్లు పొద్దున్నే వచ్చి ముందు వరుసలో కూర్చునేవారు. ఎంత అరిచి చెప్పినా వాళ్లు వినపడనట్టు మొహం తిప్పుకునేవారు గానీ లేచేవారు కాదు. పాపం ఆ డాక్టరు చెవిలోకి చూసే లైటు ఒకటి కొనుక్కొచ్చాడు. గదిలో బెంచీలు రాయమల్లు సర్దేవాడు. వచ్చినవాళ్లకు నంబరు చీటీలు మొండయ్య ఇచ్చేవాడు. దశరథం చాయ పంపేవాడు, కొన్నిసార్లు తానే తెచ్చేవాడు. రెండేళ్లు ఎవరూ అసలు మాట నోటితో అనలేదు.

ఎనభై ఎనిమిది వానాకాలంలో ఒక రెండో ఆదివారం పోశవ్వ అనే ఆమె పదిహేడేళ్ల కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల కళ్లు ఎత్తడం లేదు, తలకు ఎన్నాళ్లుగానో దువ్వెన తగల్లేదు. చెవులకని పోశవ్వ చెప్పింది. మా అత్త ఆమెను పక్కకు తీసుకుపోయి, తను చూసింది చూసినట్టు మెల్లగా చెప్పింది. మా అత్త మెల్లగా చెప్పడం నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. పోశవ్వ నేల చూస్తూ అడిగింది.

"గిట్లయినోళ్లు మంచిగైండ్లా అక్కా? ఒక్కల్ని చూపియ్. చూస్తే నమ్ముత."

దశరథానికి ఇచ్చిన మాట వల్ల మా అత్త రాయమల్లు పేరు ఎత్తలేకపోయింది. ఆ గదిలో ఆమె పేరు పెట్టి చూపించగలిగింది మొండయ్యను ఒక్కణ్నే. మొండయ్య చీటీలు పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు మెల్లగా నడుస్తున్నాడు. పోశవ్వ కూడా అతన్నే చూసింది. "గిట్లనేనా అయ్యేది" అని, కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. నేను తలుపు దగ్గర ఉండి కూడా ఆపలేకపోయాను. ఏం చెప్పి ఆపాలి?

బెంచీ జరుపుతున్న రాయమల్లు నిలబడ్డాడు. "చిన్నవ్వా, ఆగు. నన్ను చూడు" అన్నాడు.

పోశవ్వ ఆగింది.

"నా చెవులెప్పుడూ మంచిగనే ఉండె. ఎవరో నాతోని మాట్లాడుతున్నట్టు ఇనవడుతుండె. గీ సారే మందులిచ్చిండు. గిప్పుడు ఇనవడుతలేదు. రెండు సాంచెలు నడుపుతున్న."

గది మొత్తం వాడివైపు తిరిగింది, చెవులు వినపడని ముసలివాళ్లతో సహా. వాళ్లూ నేతగాళ్లే, పెదాలు చూస్తే చాలు. చాయ గిన్నెతో గుమ్మంలో నిలబడ్డ దశరథం మొహంలో నెత్తురు లేదు. మా అత్త అతనివైపు భయంగా చూసింది. ఆమె ఒకరికి భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. దశరథం గిన్నె కింద పెట్టి లోపలికొచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు.

"నా కొడుకే చెల్లె. మేము గూడ చెవులనే అన్నం. కూసో" అన్నాడు.

పోశవ్వ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత వచ్చి కూర్చుంది. మా అత్త గోడవైపు తిరిగి నిలబడింది, ఆమె ఏడుస్తోందని ఎవరికైనా తెలుస్తుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఆమె విడిపించుకోలేదు. పేరు పిలిచాక పోశవ్వ కూతుర్ని తీసుకుని డాక్టరు ముందుకు పోయింది. ఏం ఇబ్బందని డాక్టరు అడిగితే, "నా బిడ్డ నిద్ర పోతలేదు సారూ. ఎవరితోనో మాట్లాడుతున్నది. నెల రోజులైంది" అని ఉన్నదున్నట్టు చెప్పింది.